లాగ్ టేబుల్స్ తప్ప నేపియర్ ఇంకేం చేశాడు?

మీరడిగిన ఈ ప్రశ్న ఇంటర్‌లో నన్నడిగితే, "పిల్లల్ని ఏడిపించాడు" అనేవాణ్ణి. ఫిజిక్స్ ప్రాక్టికల్స్‌లో పెద్ద గుణకారాల్ని కూడికలుగా మార్చే లాగ్ (లాగరిథమ్) పట్టికల పుస్తకం తిరగేసి తిరగేసి, క్యారెక్టరిస్టిక్ (జవాబులో దశాంశ బిందువు ఎక్కడ పెట్టాలో చెప్పే అంకె) దగ్గర తప్పేసి, పెండ్యులం ప్రయోగంలో గురుత్వ త్వరణం 980 రావాల్సిన చోట 98 తెచ్చిన ఘనుణ్ణి నేను.

మా పాప నాలుగో తరగతికొచ్చాక అభిప్రాయం మారింది. పెద్ద గుణకారాలంటే బెదిరిపోతుంటే, పాత శుభలేఖల అట్టలు కత్తిరించి నేపియర్ పుల్లలు చేశాను. ఆయన చనిపోయిన ఏడాది, 1617లో వచ్చిన పుస్తకంలో ఉంది ఈ కిటుకు. ఒక్కో పుల్ల మీద ఒక్కో ఎక్కం, ప్రతి గడిలో ఏటవాలు గీత, గీతకు ఎడమ పక్క పదులు, కుడి పక్క ఒకట్లు. 425ను 6తో గుణించాలంటే 4, 2, 5 పుల్లలు పక్కపక్కన పెట్టి ఆరో వరస చూడాలి: 24, 12, 30. ఇక ఏటవాలుగా కూడుకుంటూ రావడమే. కుడి నుంచి 0, తర్వాత 2+3 ఐదు, 4+1 ఐదు, చివర 2. జవాబు 2550. పాప రెండోసారికే నన్ను పక్కకి జరగమంది.

మనిషి 1550లో స్కాట్లండ్‌లోని ఎడిన్‌బరో దగ్గర మెర్కిస్టన్ కోటలో పుట్టిన జమీందారు. లెక్కలు ఆయనకు తీరిక వేళ పని. తన గొప్ప రచన అనుకున్నది 1593లో బైబిల్ ప్రకటన గ్రంథం మీద రాసిన వ్యాఖ్యానం. అందులో 1700 లోపే లోకం అంతమైపోతుందని లెక్కగట్టాడు! ఆ లెక్క మాత్రం తప్పింది.

ఆయన మీద ఓ కథ కూడా ఉంది, నిజమో కాదో గానీ. ఇంట్లో దొంగతనం జరిగితే నల్ల కోడిపుంజును చీకటి గదిలో పెట్టి, "దొంగ ముట్టుకుంటే కూస్తుంది" అని పనివాళ్లను ఒక్కొక్కరినే పంపాడట. పుంజుకు ముందే మసి పూశాడు. చేతులు శుభ్రంగా ఉన్నవాడే దొరికిపోయాడు.

లాగరిథమ్స్ మీద మాత్రం ఇరవై ఏళ్లు కూర్చుని, 1614లో అచ్చేయించాడు. ఖగోళ శాస్త్రవేత్తలకు గుణకారం కూడికగా మారిపోయింది. మరుసటి ఏడాది లండన్ నుంచి హెన్రీ బ్రిగ్స్ అనే ప్రొఫెసర్ వెతుక్కుంటూ వచ్చాడు. పది ఆధారంగా పట్టికలు కడితే సుళువని ఇద్దరూ ఒప్పుకున్నారు. నేపియర్ పోయాక ఆ చాకిరీ బ్రిగ్స్ మీద పడింది. ఇంటర్‌లో మన చేతిలో ఉండేది ఆ రకం పట్టికే. అంటే నా 98కి తిట్టిన తిట్లలో సగం బ్రిగ్స్‌కు చెందాల్సినవి.