ఏ వాక్యం మారాలి?

పాఠకుల ప్రశ్నలు – జవాబులు

ప్రశ్న: థింక్ ట్యాంకులు (ప్రభుత్వ విధానాల మీద పరిశోధన చేసే సంస్థలు) నివేదికలు రాస్తాయి, సదస్సులు పెడతాయి. వాటివల్ల మామూలు జనానికి ఒరిగేదేమైనా ఉందా?
– ఎం.ఏ. విద్యార్థిని, తిరుపతి

జవాబు: ఉంది. అయితే నివేదిక అచ్చయినంత మాత్రాన ఏదీ మారదు. దాని ఆధారంగా చట్టంలోనో, జీవోలోనో, దరఖాస్తు ఫారంలోనో ఒక వాక్యం మారినప్పుడే జనానికి తేడా తెలుస్తుంది. నామినేషన్ వేసే అభ్యర్థి తన కేసులు, ఆస్తులు, అప్పులు, చదువు ప్రమాణపత్రంలో రాసివ్వడం ఇప్పుడు మనకు మామూలు విషయం. 1999లో అహ్మదాబాద్ ఐఐఎం ప్రొఫెసర్లు కొందరు అసోసియేషన్ ఫర్ డెమోక్రటిక్ రిఫార్మ్స్ పేరుతో ఢిల్లీ హైకోర్టుకు వెళ్లబట్టి అది వచ్చింది. 2002 మే 2న సుప్రీంకోర్టు ఔనంది. అదే ఏడాది ఎన్నికల చట్టాన్ని సవరించి ఆ తీర్పును నీరుగార్చారు. 2003 మార్చిలో సుప్రీంకోర్టు ఆ సవరణను కొట్టేసింది. నేరచరితులను పోటీ నుంచి తప్పించమని వాళ్లు అడిగి ఉంటే ఇప్పటికీ వాయిదాలు నడుస్తుండేవేమో. ఓటరుకు వివరాలు తెలియాలి అన్న ఒక్క మాట మీదే నిలబడ్డారు కాబట్టి గెలిచారు.

కోర్టుకు వెళ్లకుండానే జరిగిన మార్పు ఒకటి మనకు దగ్గర్లోనే ఉంది. మదనపల్లె పక్కన రిషివ్యాలీ విద్యాసంస్థ వాళ్లు, ఒకే టీచరు ఉండి పలు తరగతుల పిల్లలు కలిసి కూర్చునే పల్లె బడుల కోసం కార్డులతో చదువు చెప్పే పద్ధతి తయారుచేశారు. 2003లో చెన్నై కార్పొరేషన్ తన టీచర్లను అక్కడికి పంపి, ముందు 13 బడుల్లో ఆ పద్ధతి పెట్టి చూసింది. కొన్నేళ్లలో అది తమిళనాడు ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలలన్నిటికీ చేరింది. వంద పేజీలు చదవని అధికారి కూడా నడుస్తున్న బడిలో ఒక పూట కూర్చుంటే నమ్ముతాడు.

ప్రశ్న: సారా వ్యతిరేక ఉద్యమాన్ని ఏ పరిశోధకులూ నడపలేదు. జనం కదిలితే చాలదా?
– విశ్రాంత ఉపాధ్యాయుడు, నాయుడుపేట

జవాబు: జనం కదలకపోతే ఏదీ మొదలు కాదు. 1992లో దూబగుంట ఆడవాళ్లు పట్టుబట్టబట్టే 1993లో సారా నిషేధం, 1995లో పూర్తి మద్యనిషేధం వచ్చాయి. కానీ 1997లో మద్యనిషేధం ఎత్తేశారు. ఖజానాకు పడే గండిని దేంతో పూడ్చాలో, పొరుగు రాష్ట్రాల నుంచి వచ్చే సరుకును ఎలా ఆపాలో ముందే లెక్క కట్టి పెట్టలేదు. ఆ లెక్క చేయాల్సింది పరిశోధకులే. ఉద్యమం గెలిచిన రోజున వాళ్ల పని మొదలవ్వాలి.

ప్రశ్న: రైల్వే స్టేషన్ దగ్గర, గోవిందరాజస్వామి గుడి వీధుల్లో బండ్లు పెట్టుకుని బతుకుతున్నాం. సోమవారం కలెక్టరేట్‌లో అర్జీలు ఇచ్చీ ఇచ్చీ విసిగిపోయాం. థింక్ ట్యాంకు వాళ్లయితే ఏం చేసేవారు?
– వీధి వ్యాపారుల సంఘం, తిరుపతి

జవాబు: ముందుగా, అర్జీకీ విధానానికీ తేడా ఉంది. అర్జీ ఇస్తే మీ ఒక్క బండిని మళ్లీ పెట్టుకోనిస్తారు, వచ్చే నెల ఇంకొకరి బండి లేస్తుంది. నిబంధన అమలైతే అందరి బండ్లూ నిలుస్తాయి.

మీకు చట్టం ఇప్పటికే ఉంది, అది పెద్ద బలం. 2004, 2009లలో కేంద్రం వీధి వ్యాపారుల విధానాలు ప్రకటించింది, కానీ విధానానికి చట్టబలం ఉండదు. వీధి వ్యాపారుల జాతీయ సంఘం నాస్వి, శ్రామిక మహిళల సంఘం సేవ లాంటివి పోరాడాయి, 2010లో సుప్రీంకోర్టు చట్టం చేయమంది, 2014 మే 1 నుంచి వీధి వ్యాపారుల చట్టం అమల్లోకి వచ్చింది. అందులో మీరు కంఠస్థం చేయాల్సినవి మూడు. సెక్షన్ 3: ఊళ్లో ఉన్న వ్యాపారులందరి సర్వే పూర్తై, సర్టిఫికెట్లు ఇచ్చేదాకా ఎవరినీ ఖాళీ చేయించకూడదు. సర్వే అయిదేళ్లకొకసారైనా జరగాలి. సెక్షన్ 18: ఖాళీ చేయించాలన్నా, మరోచోటికి మార్చాలన్నా 30 రోజుల ముందు నోటీసు. సెక్షన్ 22: ఊళ్లో వీధి వ్యాపారాల సంగతి చూసే టౌన్ వెండింగ్ కమిటీ సభ్యుల్లో కనీసం 40 శాతం, వ్యాపారులు ఎన్నుకున్న ప్రతినిధులే ఉండాలి, వాళ్లలో మూడో వంతు ఆడవాళ్లు.

ఇప్పుడు సమాచార హక్కు దరఖాస్తు. పది రూపాయల ఫీజుతో కార్పొరేషన్ పౌర సమాచార అధికారికి. "మా బండ్లు ఎందుకు తీశారు" అని రాస్తే, అది సమాచారం కిందికి రాదని తిప్పి పంపుతారు. కాగితాలే అడగండి: కమిటీ ఏర్పాటు ఉత్తర్వు నకలు, ఇప్పటిదాకా జరిగిన సమావేశాల మినిట్స్, సర్వే రిజిస్టరు నకలు, వ్యాపార జోన్లు నిర్ణయించిన తీర్మానం. 30 రోజుల్లో జవాబు రాకపోతే, ఆ తర్వాతి 30 రోజుల్లోపు మొదటి అప్పీలు. "అలాంటి రికార్డు లేదు" అని జవాబిస్తే నిరాశపడకండి, మీ చేతికొచ్చిన కాగితాల్లో అంతకంటే విలువైనది ఉండదు: సర్వేయే కాలేదంటే సెక్షన్ 3 ప్రకారం మిమ్మల్ని ఖాళీ చేయించకూడదు.

ఈలోగా మీ లెక్క మీరు తీయండి. మామూలు రోజు ఒకటి, రద్దీ ఉండే శనివారం ఒకటి, బ్రహ్మోత్సవాల్లో ఒకటి. రోజుకు మూడుసార్లు: పొద్దున ఆరుకు, పదకొండుకు, సాయంత్రం ఏడుకు. చాలా సర్వేలు తప్పేది ఇక్కడే. పొద్దున ఇడ్లీ బండి నిలిచిన చోటే సాయంత్రం బజ్జీల బండి ఉంటుంది, ఒక్కసారి లెక్కపెడితే ఇద్దరిలో ఒకరు మాయమవుతారు. గంపలో పూలు పెట్టుకుని నేల మీద కూర్చునే ఆమెను బండి లేదని వదిలేయకండి. ఆమె చోటు ఏ రెండు కరెంటు స్తంభాల మధ్యో రాయండి. సరుకు, ఎన్నేళ్లుగా ఉంటున్నారు, ఆశీలు రసీదు ఉందా లేదా. చివరగా టేపు పట్టి, బండి పెట్టాక నడిచేవాళ్లకు ఎన్ని అడుగుల ఫుట్‌పాత్ మిగిలిందో కొలవండి. ఈ కొలత మీకు ఇబ్బందిగా వచ్చినా దాచొద్దు. అవతలివాళ్లు అదే టేపుతో వస్తే మీ మిగతా లెక్కలన్నీ పడిపోతాయి.

కమిషనర్‌కు ఇచ్చే కాగితం రెండు పేజీలు దాటకూడదు. మొదటి పేరాలోనే అడిగేది ఉండాలి, అది కూడా తీర్మానంలో యథాతథంగా ఎక్కించగలిగే వాక్యంగా. "వ్యాపారులకు న్యాయం చేయాలి" అంటే ఎవరూ సంతకం పెట్టలేరు. "ఫలానా వీధిలో ఎడమవైపు ఇన్ని బండ్లకు, నడకకు ఇన్ని అడుగులు వదిలి, ఈ వేళల్లో అనుమతి" అంటే పెట్టగలరు.

ప్రశ్న: పలమనేరు దగ్గర రెండెకరాలు గుత్తకు తీసుకుని టమోటా వేస్తున్నాను. యజమాని బెంగళూరులో ఉంటారు. కౌలు రైతు కార్డుకు సంతకం పెట్టనంటున్నారు. బ్యాంకు లోను లేదు, పంట పోతే పరిహారం ఆయనకే.
– కౌలు రైతు, చిత్తూరు జిల్లా

జవాబు: మీ కష్టమంతా ఒక్క నిబంధనలో ఉంది. కౌలు రైతుల కోసం 2011లో వచ్చిన రాష్ట్ర చట్టంలో రుణ అర్హత కార్డుకు యజమాని సమ్మతి తప్పనిసరి కాదు. 2019లో పంట సాగుదారుల హక్కుల చట్టం తెచ్చినప్పుడు 11 నెలల ఒప్పందం మీద యజమాని సంతకం ఉండాలన్నారు. రెండు చట్టాలూ కౌలు రైతు పేరుతోనే వచ్చాయి. సంతకం దగ్గర మాత్రం రెండోది తలుపు వేసింది.

యజమాని ఎందుకు పెట్టనంటున్నారో కూడా న్యాయంగా చూడాలి. రికార్డులో మీ పేరు ఎక్కితే రేపు భూమి మీదే అంటారేమోనని భయం. ఒకే సర్వే నంబరు మీద బ్యాంకు రెండు పంట రుణాలివ్వదు కాబట్టి, మీకు లోను వస్తే తనకు రాదన్న లెక్క. 2016లో నీతి ఆయోగ్ కోసం టి. హక్ అధ్యక్షతన నిపుణుల కమిటీ రాసిన నమూనా కౌలు చట్టం మొదటి భయాన్ని నేరుగా తీర్చబోయింది: గడువు తీరగానే భూమి యజమానికే, కౌలు రైతుకు హక్కు పుట్టదు, అయినా పండబోయే పంట హామీ మీద అప్పు దొరకాలి. యజమాని భయం పోగొట్టని సంస్కరణ ఏదీ పల్లెలో దిగదు. మనం రాసే ప్రతిపాదన కూడా అక్కడే మొదలవ్వాలి.

మీ మండలంలో ముప్పై మంది వివరాలు రాయండి: విస్తీర్ణం, గుత్త ఎంత, ముందే కట్టారా పంట చేతికొచ్చాకా, యజమాని ఏ ఊళ్లో ఉంటారు, కార్డు అడిగితే ఏమన్నారు, పెట్టుబడి ఎవరి దగ్గర, నూటికి ఎన్ని రూపాయల వడ్డీ. యజమాని బంధువుల ముందు అడిగితే "కౌలేం లేదు, మా పొలమే" అంటారు. పొలం గట్టున ఒంటరిగా ఉన్నప్పుడు అడగండి. నోటిమాట గుత్తకు కాగితం ఉండదు, కాబట్టి ఎరువుల బిల్లులు, ఈ-పంట నమోదు సరిచూడండి. యజమాని అందుబాటులో లేకపోతే, చుట్టుపక్కల పొలాల రైతులు గ్రామసభలో చెప్పే సాక్ష్యంతో, అభ్యంతరాలకు గడువిచ్చి కార్డు ఇవ్వాలన్న వాక్యాన్ని ఈ వివరాలతో జతచేసి ఎమ్మెల్యేకు, వ్యవసాయ శాఖకు పంపండి.

చట్టం మారేదాకా మీ పంట ఆగదు. నలుగురి నుంచి పదిమంది దాకా కలిసి జాయింట్ లయబిలిటీ గ్రూపు (ఒకరి అప్పుకు అందరూ పూచీ ఉండే బృందం) పెట్టుకుంటే పట్టా లేకుండానే బ్యాంకు అప్పు అడగొచ్చు. 2025 జనవరి 1 నుంచి రెండు లక్షల దాకా వ్యవసాయ రుణానికి తాకట్టు అక్కర్లేదు.

ప్రశ్న: అయిదుగురం మిత్రులం విధాన పరిశోధన సంస్థ పెట్టాలనుకుంటున్నాం. రిజిస్ట్రేషన్ ఎలా?
– చిత్తూరు

జవాబు: 2001 సొసైటీల చట్టం కింద కనీసం ఏడుగురు కావాలి. కానీ రిజిస్ట్రేషన్‌తో మొదలుపెట్టకండి. ఒక శాఖ, ఒక సమస్య తీసుకుని ఏడాది పనిచేయండి. విదేశీ విరాళాల అనుమతికి మామూలుగా మూడేళ్ల పని, 15 లక్షల ఖర్చు చూపాలి, వచ్చినదాంట్లో 20 శాతానికి మించి ఆఫీసు ఖర్చులకు వాడకూడదు. చిన్న సంస్థకు ఆ దారి బరువే. ఎవరి దగ్గర ఎంత తీసుకున్నా ప్రతి నివేదిక మొదటి పేజీలోనే ప్రకటించండి. మామిడి గుజ్జు ఫ్యాక్టరీల డబ్బుతో తోతాపురి ధర మీద రాశారని తర్వాత బయటపడితే, మీ లెక్క నిజమైనా రైతు నమ్మడు.

ప్రశ్న: కొత్త బిల్లుల మీద మామూలు మనుషులు అభిప్రాయం పంపొచ్చా?
– న్యాయవాది, శ్రీకాళహస్తి

జవాబు: పంపొచ్చు. 2014లో కేంద్రం పెట్టుకున్న పద్ధతి ప్రకారం ముసాయిదాను కనీసం 30 రోజులు జనం ముందుంచాలి. అది చట్టం కాదు కాబట్టి చాలాసార్లు పాటించరు. బిల్లు పార్లమెంటు స్థాయీ సంఘానికి వెళ్తే, పత్రికల్లో ప్రకటన ఇచ్చి అభిప్రాయాలు అడుగుతారు. గడువు తక్కువ, చూసిన రోజే మొదలుపెట్టండి. క్లాజు నంబరు, ఇప్పుడున్న వాక్యం, మీరు కోరే వాక్యం, ఎందుకో నాలుగు పంక్తులు. సంఘం ముందు స్వయంగా చెప్పాలనుకుంటే ఆ మాట అందులోనే రాయాలి. పంపినది సంఘం రికార్డు అవుతుంది, నివేదిక సభ ముందుకు వచ్చేదాకా దాన్ని పత్రికలకివ్వకండి.