హెలికాప్టర్‌లో 'కాప్టర్' ఎక్కడిది?

మీరు హెలి, కాప్టర్ అని విడగొట్టి, 'హెలి' అంటే సూర్యుడనుకుని, 'కాప్టర్'కి గ్రీకు మూలం వెతుకుతున్నారు, అందుకే దొరకడం లేదండీ. విరవాల్సింది అక్కడ కాదు. హెలికో, ప్టర్ అని విడదీసి చూడండి. గ్రీకులో హెలిక్స్ అంటే మెలి తిరిగినది, సమాసంలో హెలికో అవుతుంది. ప్టెరాన్ అంటే రెక్క, టెరోడాక్టిల్ (అంతరించిపోయిన ఎగిరే సరీసృపం) పేరులో ఉన్నదీ ఇదే, కాకపోతే అక్కడ ఇంగ్లీషువాళ్లు మొదటి 'ప' మింగేస్తారు. మీరనుకున్నట్టు సూర్యుడికి, అంటే హీలియోస్‌కి, దీనితో సంబంధం లేదు. ఈ రెండు ముక్కల్నీ అతికించింది కూడా పాత గ్రీకులు కాదు, 1861లో గుస్తావ్ పాంతోన్ దామెకూర్ అనే ఫ్రెంచాయన. ఇంగ్లీషువాళ్లు మీలాగే విరిచారు కాబట్టే హెలిప్యాడ్, క్వాడ్‌కాప్టర్ (నాలుగు ఫ్యాన్ల డ్రోన్) లాంటి మాటలు పుట్టుకొచ్చాయి. అన్నట్టు, సంస్కృతంలో రెక్క అనే అర్థం కూడా ఉన్న 'పత్రం' ఈ ప్టెరాన్‌కి దూరపు చుట్టమే, రెండిటికీ ఎగరడమనే మూలధాతువు ఒకటే.