గోడవార పన్నెండడుగుల రైలు: మేనల్లుడికి ఒక ఉత్తరం

చిరంజీవి మేనల్లుడికి మావయ్య ఆశీస్సులు.

హాల్లో 12 అడుగుల గోడ ఖాళీగా ఉందనీ, 8×4 ప్లైవుడ్ తెచ్చి దాని మీద గుండ్రంగా పట్టాలు పరిచి మన రైలు తిప్పుదామనుకుంటున్నాననీ రాశావు. ప్లైవుడ్ తెచ్చుకో, గుండ్రంగా మాత్రం పరవకు. ఎందుకంటావా, లెక్క చూడు.

హెచ్‌ఓ స్కేలు అంటే 1:87. మన పాత రకం ఐసీఎఫ్ ప్రయాణికుల పెట్టె బఫర్లతో కలిపి 22.3 మీటర్లు, మోడల్లో 256 మిల్లీమీటర్లు. కొత్త రకం ఎల్‌హెచ్‌బీ పెట్టె అయితే 24 మీటర్లు, అంటే 276. వంపు వ్యాసార్థం పెట్టె పొడవుకు కనీసం మూడింతలుంటేనే బండి నమ్మకంగా తిరుగుతుంది. ఐసీఎఫ్‌కే 770 మి.మీ. కావాలి. నాలుగడుగుల పలక మీద అంచులు వదిలితే దక్కేది 560. పెట్టెల్ని కలిపే కప్లింగ్ పెట్టె అడుగుకు బిగించి ఉంటే ఆ వంపులో పక్కపెట్టెను లాగి పట్టాల మీంచి దించేస్తుంది. చక్రాల బోగీకి (పెట్టె కింద తిరిగే ఇరుసుల చట్రానికి) బిగించి ఉంటే పడదు గానీ, పెట్టెల మూలలు పట్టాలు దాటి బయటికి పొడుచుకొస్తాయి. చూడ్డానికి బొమ్మ రైలే. విదేశీ సెట్లలో వచ్చే 438 మి.మీ. వంపుల గురించి ఇక చెప్పక్కర్లేదు.

కాబట్టి గోడవారగా సన్నటి అర వేసి, దాని మీద ఒక చివరి స్టేషను కట్టు. మనకు నమూనాలకు కొదవలేదు: రేపల్లె, మచిలీపట్నం, నరసాపురం. లైను అక్కడితో ఆఖరు. వచ్చిన ప్యాసింజరు నుంచి ఇంజన్‌ను విప్పాలి, ముందుకు తీయాలి, పక్క లూపులోంచి వెనక్కి తెచ్చి రెండో కొసకు తగిలించాలి. ఆడుకోవడానికి ఇంత పని గుండ్రటి లైనులో దొరకదు. అక్కడ నాలుగు చుట్లు తిరిగేసరికి విసుగొస్తుంది.

కొలతలు ఇలా పంచుకో. 12 అడుగులంటే 3658 మి.మీ. కుడివైపు 2400 స్టేషను, ఎడమవైపు మిగిలిన 1258 తెర వెనక బళ్లు నిలిపే చోటు. స్టేషన్లో గోడ చివర నుంచి 240 మి.మీ. ఇంజన్ నిలవడానికి (డబ్ల్యూడీఎం-2 డీజిల్ ఇంజన్ పొడవు 197), ఆ తర్వాత పాయింటు, అంటే పట్టా రెండు దార్లుగా చీలే ముక్క, 258, రెండు పాయింట్ల మధ్య 1250, రెండో పాయింటు ఇంకో 258, మిగతాది బయటికి వెళ్లే దారి. ఇంజన్, మూడు పెట్టెలు కలిపితే 965 మి.మీ. పాయింట్ల దగ్గర రెండు దార్లూ దగ్గరపడే చోటు వదిలినా ఆ 1250లో బండి సరిపోతుంది. నాలుగో పెట్టె మీద ఆశ పడకు. నిజం రైల్వేలో లూపు ప్రామాణిక పొడవు 686 మీటర్లు, అది మోడల్లో దాదాపు 8 మీటర్లవుతుంది. ఎవరింట్లోనూ పట్టదు గనక అందరం కుదించేవాళ్లమే. సరుకు షెడ్డుకి లూపులోంచి ఒక సైడింగు తీస్తే మొత్తం మూడు పాయింట్లు.

గేజి, అంటే రెండు పట్టాల మధ్య దూరం, దాని సంగతి ముందే మనసుకు చెప్పుకో. బ్రాడ్‌గేజి 1676 మి.మీ.ని 87తో భాగిస్తే 19.3 వస్తుంది, దొరికే హెచ్‌ఓ పట్టా 16.5. పట్టాలు కాస్త ఇరుగ్గా కనిపిస్తాయి. గేజికి తగ్గట్టు స్కేలు మార్చుకుందామంటే 1:101 దగ్గర తేలుతుంది, ఆ కొలతలో పెట్టెల దగ్గర్నుంచి మనుషుల బొమ్మల దాకా అన్నీ నువ్వే చేసుకోవాలి. మొదటిసారికి ఆ జోలికి వెళ్లకు.

పీకో వాళ్ల కోడ్ 75 ఫ్లెక్సీ పట్టా (చేత్తో వంచుకోగలిగేది) తీసుకో. కోడ్ అంటే పట్టా ఎత్తు, అంగుళంలో వెయ్యో వంతుల్లో. 60 కిలోల పట్టా ఎత్తు 172 మి.మీ., మోడల్లో 1.98. కోడ్ 75 అంటే 1.9, దాదాపు అదే. కోడ్ 100 అయితే 2.54, బ్రాంచి లైనుకి మరీ లావు. ఒకటే జాగ్రత్త: పాత మోడళ్ల చక్రాల అంచులు లోతుగా ఉంటాయి, కోడ్ 75 మీద అవి పట్టాను పట్టుకునే ప్లాస్టిక్ చీలలకు తగిలి టకటకలాడతాయి. అలాంటి వాటికి చక్రాలు మార్చాల్సిందే. ఒక్కో ఫ్లెక్సీ ముక్క 914 మి.మీ.; స్టేషనుకి ఏడు, తెర వెనకకి మూడు, మొత్తం పది చాలు. పాయింట్లు పెద్ద వ్యాసార్థంవి, యూనిఫ్రాగ్ రకం. డబ్బాలోంచి తీసి అలాగే పెట్టొచ్చు, ఆరు ఇరుసుల ఇంజన్ ఆగకుండా దాటుతుంది.

పలకకి 12 మి.మీ. బీడబ్ల్యూపీ (నీటికి తట్టుకునే) ప్లైవుడ్, ఐఎస్ 710 ముద్ర చూసి కొను. ఎండీఎఫ్ వద్దు, వానాకాలం తేమకు ఉబ్బి పట్టాలు ఎగుడుదిగుడవుతాయి. వెడల్పు 380 మి.మీ., ముక్క నాలుగడుగులకు మించకూడదు. ఇల్లు మారితే లిఫ్టులో పట్టాలి కదా. మూడు ముక్కల్నీ బోల్టులతో కలుపు. అడుగున ప్రతి 400 మి.మీ.కి ఒక అడ్డపట్టీ, గోడకు ప్రతి రెండడుగులకీ ఒక బ్రాకెట్. నేల నుంచి 1200 మి.మీ. ఎత్తున పెడితే కుర్చీలో కూర్చుంటే బండి కంటి ఎదురుగా వస్తుంది. ముక్కలు కలిసే గీత మీద పాయింటు రాకుండా చూసుకో.

పట్టా ఎప్పుడు పరుస్తున్నావన్నది మనవైపు చాలా ముఖ్యం. నికెల్ సిల్వర్ పట్టా 914 మి.మీ. ముక్క, ముప్ఫై డిగ్రీల తేడాకి సుమారు అర మిల్లీమీటరు సాగుతుంది. డిసెంబరులో పరిస్తే ప్రతి అతుకు దగ్గరా ఆ అర మిల్లీమీటరు వదులు. మే నెలలో పరిస్తే దాదాపు ఆనించేయొచ్చు. చలికాలంలో ఆనించి పరిచిన పట్టా ఏప్రిల్‌లో పక్కకి విల్లులా వంగుతుంది, పాయింటు నాలుకలు, అంటే దారి మార్చే కదిలే పట్టాలు, కదలకుండా బిగుసుకుంటాయి. జనం అప్పుడు పాయింటును తిడతారు.

కరెంటుకి అతుకుల మీద ఆధారపడకు. పట్టా ముక్కల్ని కలిపే ఫిష్‌ప్లేట్లు ఏడాది తిరిగేసరికి వదులవుతాయి, లోపల నలుపు పడుతుంది. ప్రతి పట్టా ముక్కకీ సొంతంగా ఎర్ర తీగ ఒకటి, నల్ల తీగ ఒకటి కిందికి దించి, పలక అడుగున పొడవునా నడిచే 1.5 చదరపు మి.మీ. తీగలకు కలుపు. సోల్డరింగుకి 25 వాట్ల ఐరన్ చాలదు. వేడి ఎక్కేలోపు స్లీపర్లు కరిగిపోతాయి. 60 వాట్లది పెట్టి రెండు సెకన్లలో పని ముగించు. హార్డ్‌వేరు కొట్లో ఇచ్చే ఆమ్లం పేస్టు వాడితే కొన్ని నెలలకి అతుకు పచ్చగా చిలుముపడుతుంది. రోజిన్ ఫ్లక్సే వాడు. నడపడానికి ముందుగా మామూలు 12 వోల్టుల డీసీ కంట్రోలర్ చాలు. ఒక్క ఇంజన్‌కి డీసీసీ (ఒక్కో ఇంజన్‌నీ విడిగా నడిపే డిజిటల్ పద్ధతి) దండగ. తర్వాత డీసీసీకి మారితే లైను పొడవునా అక్కడక్కడ రూపాయి బిళ్ల రెండు పట్టాలకీ అడ్డంగా పెట్టి చూడు. ప్రతిచోటా యంత్రం వెంటనే ట్రిప్ కావాలి. ఎక్కడైనా కాలేదంటే అక్కడ తీగ సన్నం, లేదా అతుకు బాగోలేదు.

తెర వెనకకి పాయింట్లు పెట్టి చోటు వృథా చేయకు. 1050 మి.మీ. ప్లైవుడ్ పట్టీ మీద ఫ్లెక్సీ పట్టా, రెండు పక్కలా గోడలు: ఇదే క్యాసెట్. బండి అందులోకి రాగానే మొత్తం ఎత్తి తిప్పి పెట్టేస్తే ఇంజన్ మళ్లీ ముందు వైపు ఉంటుంది. రెండు చేసుకుంటే రెండు బళ్లు. ఎత్తే ముందు రెండు కొసలా స్పాంజి ముక్క దూర్చడం మరిచావా, మూడు పెట్టెలూ ఇంజనూ జారి నేల మీద ఉంటాయి.

కంకరకి మన చెరువు ఇసుకా కంకర మిల్లు పొడీ రెండూ పనికొస్తాయి. అసలు కంకర 20 నుంచి 65 మి.మీ., అంటే మోడల్లో 0.23 నుంచి 0.75. టీ వడపోతలో జల్లించి మెత్తటిదీ ముతకదీ తీసేసి మధ్యది ఉంచు. ఆరబెట్టాక అయస్కాంతం తిప్పు. నల్ల ఇసుక అంతా అంటుకుని వచ్చేదాకా తిప్పాలి, లేకపోతే అది ఇంజన్ మోటారులో చేరి గేర్లు అరగ్గొడుతుంది. పరిచాక ముందు నీళ్లు చల్లి తడిపి, ఆ తర్వాతే ఫెవికాల్ ఒక వంతు, నీళ్లు ఒక వంతు, గిన్నెలు తోమే సబ్బు రెండు చుక్కలు కలిపి ఇంకు ఫిల్లరుతో వదులు. తడపకుండా వదిలితే జిగురు ముత్యాల్లా పైనే నిలుస్తుంది. పాయింటు నాలుకల దగ్గర కంకర వేయనే వేయకు.

ఏ కాలం అనేది ఇప్పుడే తేల్చుకో. నా మాట వింటే 1980ల చివర: మెరూన్ ఐసీఎఫ్ పెట్టెలు, డబ్ల్యూడీఎం-2, రెక్క లేచి దిగే పాతకాలపు సెమాఫోర్ సిగ్నళ్లు. బ్రాడ్‌గేజిలో ఆవిరి ఇంజన్లు 1995 దాకా ఉన్నాయి, కాబట్టి ముందుముందు ఒక డబ్ల్యూజీ తెచ్చినా అబద్ధం కాదు. డబ్ల్యూఏపీ-7 కరెంటు ఇంజన్ మీద మోజుంటే స్తంభాలూ తీగా కట్టాలి, పట్టా మీద 63 మి.మీ. ఎత్తున. మొదటి ఏడాదికి అది వద్దు. ఇంజన్ కొనేటప్పుడు బోగీ చూడు: డబ్ల్యూడీఎం-2లో మూడు ఇరుసుల మధ్య దూరాలు సమానంగా ఉండవు, రెండు దగ్గరగా, ఒకటి ఎడంగా. సమాన దూరాల ఛాసిస్ మీద పైతొడుగు ఎంత బాగా చేసినా తెలిసినవాడు మొదటి చూపులోనే పట్టేస్తాడు. ట్రైమౌంట్ బోగీలున్న అమెరికన్ ఆల్కో మోడల్ ఛాసిస్ వెతుక్కో.

పెట్టె చేతికి రాగానే తూచు. మొదట 28 గ్రాములు, ఆపై ప్రతి అంగుళానికి 14: ఐసీఎఫ్‌కి 170 గ్రాముల దగ్గర ఉండాలి. మన దగ్గర తయారయ్యేవి చాలావరకు తేలిక, వెనక్కి నెట్టేటప్పుడు పాయింటు మీద ఎగిరి పడతాయి. సీటు కింద సీసపు రేకు అంటించు. చక్రాల లోపలి దూరం 14.4 మి.మీ. ఉందో లేదో వెర్నియర్‌తో చూడు. పట్టా తప్పడాల్లో సగం అక్కడే తేలిపోతాయి. పట్టా మురికైతే ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో తడిపిన గుడ్డ. ఉప్పుకాగితం వేస్తే గీతలు పడి మురికి అందులోనే కూర్చుంటుంది.

ఊరిపేరు బోర్డు పసుపు మీద నలుపు, తెలుగు పైన, హిందీ మధ్యన, ఇంగ్లిషు కింద. సముద్ర మట్టానికి ఎత్తు కూడా రాయాలి. ప్లాట్‌ఫారం ఎత్తు ఇలాంటి బ్రాంచి స్టేషనుకి తక్కువే బావుంటుంది: 455 మి.మీ. అసలుకి మోడల్లో 5. ఇప్పటి 840 కావాలంటే 9.7.

ముందు పాయింట్లూ పట్టాలూ మాత్రమే తెప్పించు. కాగితం మీద కాదు, అసలు పాయింట్లనే పలక మీద పెట్టి గీసుకో. ఇంజన్ ఆర్డరు ఆ తర్వాత. గోడ ఫొటో, ప్లగ్ పాయింట్ ఎక్కడుందో గుర్తు పెట్టి పంపు. ఏసీ నీళ్ల గొట్టం ఆ గోడలోంచే వెళ్తోందేమో కూడా చూడు, బ్రాకెట్లకి రంధ్రాలు వేసే ముందే.

ఇట్లు,
మీ మావయ్య