పాపను గ్రూపులో ఏడిపిస్తుంటే ఫోన్ లాక్కోవచ్చా?

తొమ్మిదో తరగతి చదివే అమ్మాయి ఫొటోను స్టిక్కర్‌గా చేసి క్లాసు వాట్సాప్ గ్రూపులో తిప్పుతున్నారని, ఫోన్ లాక్కుంటే సరిపోతుందా అని అడిగారు. సరిపోదండీ, లాక్కోకండి. ఫోన్ పోతుందన్న భయంతోనే చాలామంది పిల్లలు ఇంట్లో నోరు విప్పరు. చెప్పినందుకు శిక్ష పడితే ఇంకోసారి చెప్పదు. ఫోన్ బీరువాలో పెట్టినా స్టిక్కర్ క్లాసంతా తిరుగుతూనే ఉంటుంది. తన వెనకాల ఏమంటున్నారో తెలియకపోవడం ఆ వయసుకు ఇంకా నరకం.

ముందు ఆధారాలు. చాలామంది కోపంలో బ్లాక్ చేసి, చాట్ తుడిచేసి చేతులారా పోగొట్టుకుంటారు. పంపినవాళ్లు అందరికీ డిలీట్ చేయడానికి దాదాపు 60 గంటలు గడువుంటుంది కాబట్టి ఈరోజే స్క్రీన్‌షాట్లు తీయండి. తేదీ, సమయం, ముందూ వెనకా మెసేజులు పడాలి. పంపినవాడి నంబరు సేవ్ అయి ఉంటే చాట్‌లో పేరే కనిపిస్తుంది. పేరు నొక్కి, నంబరున్న పేజీని విడిగా తీయండి. మీడియాతో సహా చాట్‌ను ఎక్స్‌పోర్ట్ చేసి మీ మెయిల్‌లో దాచండి. ఆ తర్వాతే వాట్సాప్‌కు రిపోర్ట్ చేయండి. అప్పుడు చాట్ డిలీట్ చేయాలా అన్న చోట టిక్ ఉంటే తీసేయండి.

ఫొటో అసభ్యంగా ఉంటే మాత్రం ఇదంతా వద్దు. కాపీ తీయకండి, హెడ్‌మాస్టరుకైనా ఫార్వర్డ్ చేయకండి. పిల్లల అలాంటి ఫొటోలు దాచినా పంపినా ఐటీ చట్టం 67బి కింద నేరం. నేరుగా పోలీసులకు చూపించండి. జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్‌లో మహిళలు, పిల్లలకు వేరే విభాగం ఉంది.

స్కూలుకు నోటిమాటగా చెబితే "పిల్లల సరదా" అంటారు. నాకు ఒళ్లు మండేది ఈ మాటకే. ఒకప్పుడు ఏడిపింపు లాంగ్ బెల్‌తో ఆగేది, ఇప్పుడది దుప్పటిలోకి కూడా వస్తోంది. కాగితం మీద రాసి, నకలు మీద సంతకం తీసుకోండి. తల్లిదండ్రుల గ్రూపులో మాత్రం గొడవ పెట్టుకోకండి, మర్నాడు క్లాసులో దాని భారం మోసేది మీ పాపే.

ఆదివారం రాత్రి కడుపునొప్పి, అర్ధరాత్రి లేచి ఫోన్ చూడటం, ఇష్టమైన స్నేహితురాలిని కూడా తప్పించుకోవడం కనిపిస్తే ఆలస్యం చేయకండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కు ఏ వేళైనా ఫోన్ చేయవచ్చు, తెలుగులో మాట్లాడతారు. చచ్చిపోవాలన్న మాట ఒక్కసారి వచ్చినా "ఊరికే అంది" అనుకోకండి, ఒంటరిగా వదలకుండా ఆరోజే డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి.

రాత్రి తొమ్మిదయ్యాక ఇంట్లో ఫోన్లన్నీ హాల్లో ఛార్జింగ్ పెట్టండి, మీదీ, మీ వారిదీ కూడా.