మౌనంగా ఉండే ఆన్‌లైన్ తరగతికి భౌతికశాస్త్రం చెప్పడం గురించి

చిరంజీవి మాధవికి ఆశీస్సులు.

నీ ఉత్తరం అందింది. డిగ్రీ రెండో సంవత్సరం విద్యార్థులు అరవై మంది ఆన్‌లైన్ తరగతిలో చేరతారనీ, పావుగంట గడిచాక పేరు పెట్టి పిలిచినా పలికేవారు ఉండరనీ రాశావు. ముందుగా, కెమెరా తెరవమని వాళ్లను ఒత్తిడి చేయకు. ఇంటిల్లిపాదీ ఒకే గదిలో ఉండేవాడికీ, సిగ్నల్ కోసం డాబా ఎక్కి కూర్చున్నవాడికీ అది శిక్ష. కెమెరా ఎదుట కూర్చున్నవాడు పాఠం వింటున్నాడనీ అనుకోనక్కరలేదు; మన కాలేజీ చివరి బెంచీలు నువ్వు ఎరగనివి కావు కదా.

ఉద్యోగం చివరి ఏడాది నేనూ ఆన్‌లైన్‌లో స్లైడ్లు చదివి, "అర్థమైందా?" అని అడిగి, ఆ నిశ్శబ్దాన్ని అంగీకారంగా తీసుకున్నాను. జవాబుపత్రాలు దిద్దినప్పుడు గానీ నా తప్పు తెలిసిరాలేదు. విద్యార్థి ముందుగా ఒక జవాబుకు కట్టుబడితే, అది తప్పో ఒప్పో తేలేదాకా కదలడు. హార్వర్డ్‌లో భౌతికశాస్త్ర ఆచార్యుడు ఎరిక్ మజూర్ 1990ల ఆరంభం నుంచి ప్రచారంలోకి తెచ్చిన పద్ధతి ఇదే: ఒక ప్రశ్న, ఎవరికి వారు ఇచ్చే జవాబు, తోటివారితో వాదన, మళ్లీ జవాబు. ఒకేరకం బల్బులు రెండింటిని శ్రేణిలో కలిపితే బ్యాటరీ ధనధ్రువానికి దగ్గరున్నది ఎక్కువగా వెలుగుతుందా అని అడిగి చూడు. మొదటి బల్బు కొంత కరెంటును "వాడేసుకుంటుంది" అనేవాళ్లు తప్పక ఉంటారు. అందరూ ఓటు వేశాక నలుగురేసి చొప్పున ఆన్‌లైన్‌లోనే విడి గదుల్లోకి (బ్రేకవుట్ రూములు) పంపి, తెలుగులోనే వాదించుకోనివ్వు. కార్ల్ వీమన్ 2002లో కొలరాడో విశ్వవిద్యాలయంలో ప్రారంభించిన ఫెట్ (PhET) సిమ్యులేషన్లు, అంటే తెర మీద మనమే మార్చి చూసుకునే ప్రయోగ నమూనాలు, ఉచితంగా దొరుకుతాయి. అందులోని విద్యుత్ వలయాన్ని ఆ వాదన ముగిశాకే తెరవాలి, ముందే చూపితే అది వట్టి బొమ్మలాట అవుతుంది.

ప్రయోగాల సంగతికి వస్తే, వర్చువల్ ల్యాబ్ సాధన చేయడానికి మంచిదే గానీ అక్కడ దారం సాగదు, చెయ్యి వణకదు. అందుచేత లోలకాన్ని ఇంట్లోనే కట్టించు. ఒక మీటరు దారం, ఒక రాయి, ఫోనులోని స్టాప్‌వాచ్ చాలు. ఇరవై డోలనాలకు దాదాపు నలభై సెకన్లు పట్టాలి. దాని నుంచి లెక్కకట్టిన జి (గురుత్వ త్వరణం, సుమారు 9.8 మీ/సె²) విలువను ఒక్కొక్కరూ ఉమ్మడి పట్టికలో రాయాలి. నీ అసలు పాఠం ఆ పట్టికే. ఎవరికైనా 10.9 దగ్గర వచ్చిందంటే, రాయి వదిలినప్పుడు "సున్నా" అనకుండా "ఒకటి" అన్నాడన్నమాట. అతడు కొలిచినవి పంతొమ్మిది డోలనాలే. 9.6 వచ్చినవాడు రాయి మధ్యబిందువు దాకా కాక, పైనున్న ముడి దాకానే పొడవు కొలిచి ఉండవచ్చు. కారణం నువ్వు చెప్పకు, పట్టికను తెర మీద పెట్టి వాళ్లనే వెతకమను. తన పొరపాటు బయటపడుతున్నప్పుడు ఎంత బిడియస్తుడైనా మైకు తెరుస్తాడు. నవ్వినవాడి పేరు పిలిచి అతడి విలువనూ పరీక్షించు.

హాజరు మార్కులు లాగిన్‌కు కాక, పంపిన ఊహకు ఇవ్వు, ఊహ తప్పైనా సరే. నెట్ అందనివారికి ఆరేడు నిమిషాల ముక్కలుగా చేసిన రికార్డింగులు పంపితే, డేటా తక్కువ ఉన్నవాళ్లు కూడా చూడగలుగుతారు.

మొదటి పట్టిక తయారయ్యాక పేర్లు తీసేసి నాకు పంపు. ఎందరు "ఒకటి" అని మొదలుపెట్టారో లెక్కపెట్టి చూస్తాను.

నీ శ్రేయోభిలాషి,
మాస్టారు