గ్రాంటు మీద ఆశతో నగలు తాకట్టు పెట్టకండి

అనంతపురం నుంచి ఒక డాక్యుమెంటరీ దర్శకుడు రాశారు. వయసు 41. సొంత చిత్రాలు తీస్తూ, ఇల్లు గడవడానికి పెళ్లి వీడియోలు, స్వచ్ఛంద సంస్థలకు చిన్న చిత్రాలు చేస్తారు. పని ఖర్చులు పోను ఏడాదికి 5.4 లక్షలు మిగులుతాయి. భార్య ప్రైవేటు బడిలో టీచరు, జీతం 18,000. ఇంటి ఖర్చు నెలకు 32,000. క్రెడిట్ కార్డు బాకీ 1.9 లక్షలు, అప్పుల యాప్‌లో మరో 60,000. వేరుశనగ రైతులపై తీస్తున్న చిత్రానికి సౌండ్ మిక్సింగ్, కలర్ పని మిగిలాయి. భార్య నగలపై 4 లక్షలు తెచ్చి ఆ పనులు ముగించి, చిత్రానికి మంజూరైన గ్రాంటు (తిరిగి కట్టనక్కర్లేని సాయం) చివరి వాయిదా రాగానే నగలు విడిపించుకోవచ్చా అని అడుగుతున్నారు.

వద్దు. ఆ వాయిదా ఎప్పుడొస్తుందో మీకే తెలియదు. పూర్తయిన చిత్రం, ఖర్చుల లెక్కలు అందాక, గ్రాంటు ఇచ్చేవాళ్లు చూసి సరేనన్నాకనే ఇస్తారని మీరే రాశారు. వడ్డీ మాత్రం నగలు పెట్టిన రోజు నుంచే నడుస్తుంది. వానను నమ్మి అప్పు చేసి విత్తనం వేసే రైతు కష్టాన్ని కెమెరాలో పట్టిన మనిషి, తానూ అదే పని చేయబోతున్నారు.

‘నా సినిమా పిచ్చి ఇంటిని అప్పులపాలు చేసింది’ అన్నారు. మీరు పంపిన కార్డు బిల్లులు వేరే సంగతి చెబుతున్నాయి. అమ్మగారి ఆసుపత్రి ఖర్చు 72,000. పాప బడి ఫీజు 35,000. ఆషాఢంలో పెళ్లిళ్లు లేక చేతిలో డబ్బాడనప్పుడు గీకిన అద్దె, కిరాణా 37,000. హార్డ్ డిస్కులు, బండి అద్దె కలిపి సినిమాకు పెట్టింది 46,000 మాత్రమే. అంటే బాకీలో మూడొంతులు సినిమాది కాదు, అత్యవసర నిధి లేకపోవడం వల్ల వచ్చింది. ఫ్రీలాన్సు పని చేసేవారిలో ఈ పొరపాటు తరచూ చూస్తున్నాను. తప్పంతా కళ మీదకు నెట్టేసి, అసలు కన్నాన్ని అలాగే వదిలేస్తారు.

ఆ కార్డు నెలకు 3.5 శాతం వడ్డీ వేస్తోంది. 1.9 లక్షల మీద నెలకు 6,650 రూపాయలు. కనీస మొత్తం కడుతున్నాను కదా అని ధీమాగా రాశారు, అది ధీమా పడాల్సిన విషయం కాదు. పైగా ఏటీఎంలో కార్డు పెట్టి నగదు తీశారు. దానికి వడ్డీ లేని రోజు ఒక్కటీ ఉండదు. ఈ బాకీలు వదిలించుకోవడానికైతే నగలు బ్యాంకులో పెట్టండి, నాకు అభ్యంతరం లేదు. రెండూ కలిపి 2.5 లక్షలు, అంతకుమించి ఒక్క రూపాయి వద్దు. బంగారంపై వడ్డీ కార్డు వడ్డీలో చిన్న భాగమే. నెలనెలా కొంత అసలు కూడా కట్టండి. ఆ అప్పు తీరేదాకా మ్యూచువల్ ఫండ్‌లో నెలనెలా వేసే 3,000 సిప్ ఆపేయండి.

ఇక నిధి. జీతగాళ్లకు ఆరు నెలల ఖర్చు చాలంటాను, మీకు ఏడాది ఖర్చు కావాలి: 3.84 లక్షలు. మీ భార్య జీతాన్ని ఇందులోంచి తగ్గించకండి, వేసవి సెలవుల్లో బడి జీతం ఇవ్వదని మీరే చెప్పారు. పెళ్లి డబ్బు వచ్చినా, సంస్థ చెక్కు వచ్చినా ఆ రోజే మూడో వంతు వేరే బ్యాంకు ఖాతాలోకి పంపండి, దానికి ఏటీఎం కార్డు తీసుకోకండి. ఇలా రెండేళ్లు దాటితే నిధి నిండుతుంది. అందులోంచి కెమెరా కొనకూడదు, చిత్రోత్సవానికి టికెట్టూ కొనకూడదు. ముంబై అంతర్జాతీయ చిత్రోత్సవం రెండేళ్లకోసారి జరుగుతుంది, పాప ఫీజు ఏటా జూన్‌లో వస్తుంది.

అమ్మగారికి విడిగా, మీ ముగ్గురికి కలిపి ఆరోగ్య బీమా ఈ నెలలోనే తీసుకోండి. అమ్మగారికున్న జబ్బులు దాచకుండా రాయండి. కెమెరాకూ బీమా ఉండాలి. సంస్థలు మీ చెల్లింపుల్లోంచి ముందే కోసుకున్న పన్ను (టీడీఎస్) తిరిగి రావాలంటే ఆదాయ పన్ను రిటర్ను వేయాలి, ఇన్నేళ్లూ వేయకపోవడం నష్టమే.

మరి సినిమా? సౌండ్, కలర్ పనికి వాయిదాల్లో చెల్లిస్తామని స్టూడియోను అడగండి. గ్రాంటు ఇచ్చేవారిని రఫ్ కట్ (తుది మెరుగులకు ముందు కూర్పు) చూపించి చివరి వాయిదాలో సగం ముందే ఇమ్మని అడగండి. ఇవ్వకపోతే చిత్రం మరో పెళ్లిళ్ల సీజను దాకా ఆగుతుంది. ఫుటేజీ ఉన్న డిస్కులకు రెండో ప్రతి తీసి వేరే ఇంట్లో దాచండి.

యాప్ బాకీ తీర్చిన రోజే ‘బాకీ లేదు’ అన్న పత్రం రాతపూర్వకంగా తీసుకుని, ఆ తర్వాతే యాప్‌ను ఫోనులోంచి తీసేయండి.