తెల్ల చొక్కా, మిట్టమధ్యాహ్నం, ఫ్లెక్సీ ఫోటో

ప్రశ్న: సార్, మాది తొర్రూరు దగ్గర పల్లె. పెళ్లిళ్లు, పుట్టినరోజులు తీస్తుంటాను. 2025 డిసెంబరు పంచాయతీ ఎన్నికల్లో చుట్టుపక్కల సర్పంచ్ అభ్యర్థులకు ఫోటోలు తీశాను. చొక్కాలు అట్టముక్కల్లా తెల్లగా వచ్చాయి, ముఖాలు నల్లబడ్డాయి. ఇప్పుడు ఎంపీటీసీకి నిలబడేవాళ్లు అడుగుతున్నారు. మధ్యాహ్నం తప్ప దొరకరు. ఏం చేయమంటారు?

జవాబు: ముందు మనిషిని ఎండలోంచి జరపండి. గంజిపెట్టి ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కా మీద పన్నెండు గంటల ఎండ, కళ్ల కిందేమో నల్లటి నీడ. ఈ రెండింటినీ ఒకే ఫోటోలో నిలబెట్టడం మంచి కెమెరాకు కూడా కష్టం. సెట్టింగుల గొడవ తర్వాత చూద్దాం.

పల్లెలో నీడకు కొదవ లేదు గానీ అన్ని నీడలూ పనికిరావు. వేపచెట్టు కింద అస్సలు వద్దు. ఆకుల సందుల్లోంచి ముక్కు మీద ఒకటి, చెంప మీద ఒకటి ఎండ చుక్కలు పడతాయి. వాటిని తుడవలేక డిజైనర్ మిమ్మల్ని తిట్టుకుంటాడు. ఇంటి వసారా మంచిది. లేదంటే బడి గోడకు ఉత్తరం వైపు. మే రెండో వారం నుంచి జులై చివరిదాకా మన దగ్గర మధ్యాహ్నం సూర్యుడు కాస్త ఉత్తరానికి జరుగుతాడు కాబట్టి ఆ రోజుల్లో తప్ప, మిగతా ఏడాదంతా మధ్యాహ్నం అక్కడ నీడే. అభ్యర్థిని నీడ అంచుకు ఒక అడుగు లోపల, ముఖం బయటి వెలుతురు వైపు తిరిగి ఉండేలా నిలబెట్టండి. కళ్లలో మెరుపు దానంతటదే వస్తుంది.

కాళ్ల ముందు నేల ఎలా ఉందో కూడా చూసుకోండి. సిమెంటు రోడ్డు ఉంటే అదృష్టం, గడ్డం కింద వెలుతురు అదే ఇస్తుంది. పచ్చగడ్డి ఉంటే చొక్కాకు ఆకుపచ్చ ఛాయ అంటుకుంటుంది. అప్పుడు ఒక థర్మకోల్ షీటును నడుము ఎత్తులో ఎవరిచేతనైనా పట్టించండి. ఆయన వెంట తిరిగే కుర్రాళ్లు ఎలాగూ ఖాళీయే.

చొక్కా గుండీల పట్టీ, జేబు అంచు స్పష్టంగా కనిపించేదాకా ఎక్స్‌పోజర్, అంటే కెమెరాలోకి వచ్చే వెలుతురు, తగ్గించండి. ముఖం కొద్దిగా చీకటిగా వస్తే రా ఫైల్లో (కెమెరా కుదించకుండా దాచే ఫోటోలో) వెలుతురు పైకి లాగవచ్చు. కాలిపోయిన తెలుపును మాత్రం ఎవరూ వెనక్కి తేలేరు. ఎండలోనే తీయాలని పట్టుబడితే సూర్యుణ్ణి ఆయన వెనక్కి పెట్టి ఫ్లాష్ వాడండి. ఐఎస్‌ఓ 100, షట్టర్ 1/200 సెకను, లెన్సు రంధ్రం ఎఫ్/11 దగ్గర మొదలుపెట్టండి. వెనకాల ఉన్నదంతా స్పష్టంగా పడుతుంది, అయినా ఎలాగూ కటింగ్ చేసి పడేసేదే కదా.

కటింగ్ అంటే గుర్తొచ్చింది. తెల్ల చొక్కా వెనక తెల్లటి ఆకాశమో, సున్నం గోడో ఉంటే భుజం ఎక్కడ ఆగిందో తెలియదు. ముదురు రంగు తలుపు గానీ, దూరంగా చింతచెట్టు గానీ వెనక ఉండేలా చూసుకోండి. గుడి గోపురం ముందు తీయమంటే మాత్రం నేనైతే తీయను. ప్రార్థనా స్థలాలను ప్రచారానికి వాడొద్దని ఎన్నికల నియమావళి చెబుతోంది. రేపు ఫిర్యాదు వస్తే తిరగాల్సింది ఆయనే అనుకోకండి, ఫోటో ఎవరు తీశారని మిమ్మల్నీ అడుగుతారు.

నమస్కారం పోజులో చేతులు పెద్దవిగా, తల చిన్నదిగా వస్తోందంటే మీరు మరీ దగ్గరగా నిలబడ్డారని అర్థం. 50 ఎంఎం లెన్సుతో ఏడెనిమిది అడుగులు వెనక్కి వెళ్లండి. ఫోన్ అయితే 2ఎక్స్ జూమ్ పెట్టండి. చేతులు గుండెకు ఆనించమనండి, వేళ్లు గడ్డానికి అడ్డం రాకూడదు. కెమెరా ఛాతీ ఎత్తులో చాలు. హీరోలా కనిపించాలని మోకాళ్ల దగ్గరి నుంచి తీస్తే ముక్కురంధ్రాలు, రెండో గడ్డం తప్ప ఏమీ కనపడవు.

ఎండకు నల్లబడే కళ్లద్దాలు చాలామంది పెద్దవాళ్లు వాడుతున్నారు. ఆయన బండి దిగి నడిచొచ్చేసరికే అవి నల్లబడి ఉంటాయి. పోజులు చూసుకునేంతసేపు ఇంట్లో కూర్చోబెట్టి, అద్దాలు తెల్లబడ్డాక వసారాలోకి పిలిచి గబగబా తీసేయండి.

ఇక కండువా. సర్పంచ్ ఎన్నిక పార్టీ గుర్తుల్లేకుండా జరుగుతుంది, ఎంపీటీసీ మాత్రం పార్టీ గుర్తు మీదే. కాబట్టి కండువా తప్పదు. గులాబీదైనా కాషాయమైనా మెడకు చుట్టేస్తే ఆ రంగు గడ్డం కిందకి కొడుతుంది. రెండు వైపులా వదులుగా జారవిడవండి. కండువా లేకుండా కూడా ఒక సెట్ తీసి దాచండి. పార్టీ టికెట్ ఖాయం చేసే బి-ఫారం చేతికొచ్చేదాకా కండువా ఏ రంగులో ఉంటుందో ఒక్కోసారి ఆయనకే తెలియదు.

ప్రశ్న: ఆరడుగుల ఫ్లెక్సీలో ఫోటో మసకగా వచ్చింది. కొత్త కెమెరా కొనాలా? నాది పాత 18 మెగాపిక్సెల్‌ది.

జవాబు: అక్కర్లేదు. ఫ్లెక్సీని దూరం నుంచి చూస్తారు కాబట్టి అంగుళానికి 72 చుక్కలు సరిపోతాయి. ఆరు బై నాలుగు అడుగుల ఫ్లెక్సీ మొత్తానికి కావలసింది 5184 బై 3456 చుక్కలు. మీ కెమెరా ఫోటో సరిగ్గా అంతే ఉంటుంది. పైగా మనిషి బొమ్మ అందులో సగమే కదా. అసలు దొంగ వాట్సాప్. మామూలు ఫోటోగా పంపితే కుదించేస్తుంది. డాక్యుమెంట్‌గా పంపండి.

ప్రశ్న: మా అక్క సర్పంచ్‌గా నిలబడింది. ఫ్లెక్సీలో ఆమెను గుర్తుపట్టలేనంత తెల్లగా చేశారు. పక్కనే బావ ఫోటో ఆమెకంటే పెద్దది. ఇదేం పద్ధతి?

జవాబు: మీ కోపం న్యాయమే, అమ్మా. మన రెండు రాష్ట్రాల్లోనూ స్థానిక సంస్థల్లో సగం సీట్లు మహిళలకే. ఫ్లెక్సీ దగ్గరికొచ్చేసరికి మాత్రం ఆమె భర్త పక్కన నిలబడ్డ బంధువులా మిగులుతోంది. ఊళ్లో అక్కను రోజూ నల్లా దగ్గర చూసేవాళ్లే కదా ఓటేసేది. రంగు మార్చిన ముఖం చూసి నవ్వుకుంటారు, అంతే. పైగా సర్పంచ్ ఎన్నికలో గులాబీ రంగు బ్యాలెట్ మీద ఉంగరమో కత్తెరో గుర్తు ఉంటుంది గానీ ఫోటో ఉండదు. మనసులో ముద్రపడాల్సింది ఆమె ముఖమూ ఆ గుర్తూ. ఆ ఫ్లెక్సీలో బావకు స్థలమెక్కడిది?

మళ్లీ తీయించండి. పొద్దున ఏడింటికి, ఆమె వాకిట్లోనే, రోజూ కట్టే చీరల్లో మంచిది కట్టుకుని. నవ్వమంటే ఎవరైనా బిగుసుకుపోతారు. పింఛన్ల సంగతో, మోరీల సంగతో అడుగుతూ ఉండమని ఫోటోగ్రాఫర్‌కు చెప్పండి. జవాబు చెప్పి నోరు మూసిన మరుక్షణం వచ్చే ముఖం బాగుంటుంది. ముఖం మీద చెమట మెరుపు తుడిస్తే చాలు, ఛాయ ముట్టుకోవద్దని కూడా చెప్పండి.

ప్రశ్న: డబ్బులు ఫలితాలయ్యాక ఇస్తామంటున్నారు. నమ్మవచ్చా?

జవాబు: గెలిచినాయన అందడు, ఓడినాయన కనపడడు. సగం అడ్వాన్సు, మిగతా సగం ఫైళ్లు ఇచ్చేటప్పుడు తీసుకోండి. తేదీ వేసి బిల్లు ఇవ్వండి. తెలంగాణలో జనాభా 5000 దాటిన ఊరి సర్పంచ్ అభ్యర్థికి ఖర్చు పరిమితి 2.5 లక్షలు, చిన్న ఊరికి 1.5 లక్షలు. మీ ఫోటోల ఖర్చూ ఆ లెక్కలోకే వస్తుంది. బిల్లు ఆయనకే అవసరం కాబట్టి, అది చూపించే మిగతా సగం అడగండి.